కర్నూలులో ల్యాండింగ్ పాఠం: బోధనకు మంచి మార్కులు, మార్కుల పట్టికకు కావు

కర్నూలులో నంద్యాల రోడ్డు వైపు ఒక వాణిజ్య భవనం పై అంతస్తులో నడుస్తున్న ఈ ఫ్లైట్ సిమ్యులేటర్ కేంద్రానికి పిల్లలు ఆట కోసమూ, పెద్దలు ఫోటోల కోసమూ వస్తుంటారు. అయితే వారి సేవల జాబితాలో అన్నిటికంటే అడుగున, పెద్దగా ప్రచారం లేకుండా, చిన్న విమానాలు దిగేటప్పుడు జరిగే ప్రమాదాల గురించి రెండు గంటల ప్రత్యేక పాఠం ఒకటి ఉంది. ఈ సమీక్ష ఆ పాఠానికే పరిమితం. ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసి పైలట్ శిక్షణకు వెళ్లాలని పట్టుదలగా ఉన్న మా అన్న కూతురిని వెంటబెట్టుకొని వెళ్లాను. యోక్, అంటే విమానాన్ని నడిపే చుక్కాని పట్టుకున్నది ఆ అమ్మాయి. వెనక కుర్చీలో కూర్చొని రాసుకున్నది నేను.

పాఠం చెప్పేవారు ఒకప్పుడు ఫ్లయింగ్ క్లబ్బులో శిక్షకుడిగా పనిచేసి విరమించిన పెద్దాయన. తెర వెలిగించడానికి ముందు అరగంట సేపు తెల్లబోర్డు దగ్గర మాట్లాడతారు. డబ్బు కట్టింది విమానం నడపడానికి కదా అని కొందరు విసుక్కోవచ్చు గానీ, నా దృష్టిలో ఈ సేవలో అత్యంత విలువైన భాగం ఆ అరగంటే. రాయలసీమలో ఆకాశ ప్రమాదం అనగానే అందరికీ గుర్తొచ్చేది 2009 సెప్టెంబరు 2న నల్లమలలో పావురాలగుట్ట మీద కూలిన ముఖ్యమంత్రి హెలికాప్టర్. చిన్న విమానం అంటే, 2004 ఏప్రిల్ 17న బెంగళూరు జక్కూరు నుంచి లేచిన కొద్దిసేపటికే కూలి నటి సౌందర్య ప్రాణాలు తీసిన సెస్నా 180 గుర్తొస్తుంది. మొదటిది దారి మధ్యలో, చెడు వాతావరణంలో జరిగింది. రెండవది పైకి లేస్తుండగా జరిగింది. ఈ రెండింటిలో దిగేటప్పుడు జరిగినది ఒక్కటీ లేదని ఆయన ఎత్తిచూపారు. నిజానికి పైలట్ పొరపాటు వల్ల చిన్న విమానాలకు జరిగే ప్రమాదాల్లో అన్నిటికంటే పెద్ద వాటా ల్యాండింగ్‌లదే. వాటిలో ప్రాణాలు పోయేవి చాలా తక్కువ కాబట్టి అవి వార్తలకు ఎక్కవు. ముక్కు కింది చక్రం విరుగుతుంది, ప్రొపెల్లర్ రెక్కలు వంగుతాయి, విమానం రన్‌వే పక్కన మట్టిలో ఆగుతుంది, పైలట్ తలుపు తీసుకొని దిగి నడిచి వస్తాడు. నష్టం మాత్రం చిన్నది కాదు. తిరుగుతున్న ప్రొపెల్లర్ నేలకు తగిలిందంటే, పైకి ఏమీ కాలేదనిపించినా, ఇంజిన్‌ను విప్పి లోపలి భాగాలన్నీ పరీక్షించాల్సిందే.

తరువాత తెర ముందు కూర్చోబెడతారు. మూడు పెద్ద తెరలు, సెస్నా 172 అనే చిన్న విమానానికి ఉండేలాంటి యోక్, ఇంజిన్ శక్తిని పెంచి తగ్గించే థ్రాటిల్, కాళ్ల దగ్గర ముక్కును పక్కలకు తిప్పే రడ్డర్ పెడల్స్ ఉన్నాయి. నడిచే ప్రోగ్రాం ఎక్స్-ప్లేన్. విమానం ఇలా ప్రవర్తిస్తుందని ముందే రాసిపెట్టిన పట్టికల మీద ఆధారపడకుండా, రెక్కను చిన్న చిన్న ముక్కలుగా భావించి ఒక్కో ముక్క మీద గాలి చూపే బలాన్ని అప్పటికప్పుడు లెక్కకట్టే పద్ధతి దానిది. మామూలుగా ఎగురుతున్నంతసేపు ఈ తేడా తెలియదు. విమానాన్ని కావాలని తప్పుగా నడిపి చూసే ఇలాంటి పాఠంలోనే దాని ఉపయోగం.

పాఠంలో ఎక్కువ సమయం తీసుకున్నది, తీసుకోవలసిందీ, విమానం నేలను తాకి మళ్లీ పైకి ఎగిరే తంతు. మా అమ్మాయి మొదటి ప్రయత్నంలోనే అది జరిగింది. వేగం పది నాట్లు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) ఎక్కువగా ఉండగా రన్‌వే మీదికి వచ్చి, ఇక దిగాలి కదా అని ముక్కు కిందికి నొక్కింది. అప్పుడు వెనక చక్రాల కన్నా ముందు ముక్కు చక్రం నేలకు తగిలింది. ఆ చక్రం విమానం బరువు కేంద్రానికి ముందు ఉంటుంది కాబట్టి, తగిలిన దెబ్బకు ముక్కు పైకి లేస్తుంది. ముక్కు లేవగానే రెక్కలు గాలిని మరింత కోణంలో ఎదుర్కొని, వేగం ఇంకా మిగిలి ఉన్నందున, విమానాన్ని మళ్లీ గాలిలోకి లేపుతాయి. కంగారుపడిన పైలట్ తిరిగి ముక్కు నొక్కుతాడు. అయితే అతని చేయి కదలడానికీ విమానం స్పందించడానికీ మధ్య ఒక క్షణం ఆలస్యం ఉంటుంది గనుక, అతని సవరణ ప్రతిసారీ తప్పు సమయానికి పడి గంతును మరింత పెంచుతుంది. తుంగభద్రలో పిల్లలు విసిరిన పెంకు నీటి మీద కప్పగంతులు వేస్తూ పోతుంది గానీ, దాని గంతులు పోనుపోను చిన్నవవుతాయి. విమానం గంతులు పెద్దవవుతాయి. తెర మీద మూడో గంతుకు ముక్కు చక్రం విరిగింది. బయట కూడా తరచుగా అక్కడే విరుగుతుందని సార్ చెప్పారు. సెస్నా 172లో ఆ చక్రపు కాలు ఇంజిన్ వెనక ఉండే ఫైర్‌వాల్‌కు బిగించి ఉంటుంది. చక్రం విరగకపోయినా ఆ ఫైర్‌వాల్ రేకు మడతపడటం ఈ విమానాలను బాగుచేసే మెకానిక్కులందరికీ తెలిసిన జబ్బు.

ఇక్కడ శిక్షకుడి పద్ధతిని మెచ్చుకోవాలి. తెర ఆపి ఉపన్యాసం చెప్పలేదు. అదే తప్పును మళ్లీ చేయమన్నారు, ఈసారి మొదటి గంతు దగ్గరే థ్రాటిల్ పూర్తిగా తెరిచి పైకి వెళ్లిపొమ్మన్నారు. ఆ అమ్మాయి సందేహిస్తుంటే, "రన్‌వే యాడికీ పోదు పాపా, ఆడనే ఉంటాది. ఇంగొక చుట్టు తిరిగి రా," అన్నారు. ఇలా దిగడం మానుకొని మళ్లీ పైకి వెళ్లిపోయే గో-అరౌండ్ అనే నిర్ణయం గురించి నేను చదివిన వ్యాసాలన్నీ కలిసి చేయలేని పని ఆ రెండు ముక్కలు చేశాయి. ఆ తరువాత ఆ అమ్మాయి చేయి థ్రాటిల్ వైపు తడబడకుండా వెళ్లింది.

అయితే గో-అరౌండ్‌ను ఆయన తేలిక పనిగా చూపలేదు. ఫ్లాప్స్, అంటే దిగేటప్పుడు రెక్కల వెనక అంచున కిందికి దించే రేకులు, పూర్తిగా దించి ఉన్న విమానానికి ఒక్కసారిగా పూర్తి శక్తి ఇస్తే ముక్కు దానంతట అదే పైకి లేస్తుంది, ఎడమకు తిరుగుతుంది. ముక్కును చేత్తో అదిమిపెట్టి, కుడి పెడల్ తొక్కి, ఫ్లాప్స్‌ను ముందు 20 డిగ్రీలకు మాత్రమే లేపి, 60 నాట్ల దగ్గర వేగాన్ని నిలబెట్టుకొని, ఎత్తు పెరిగిన తరువాతే మిగిలిన ఫ్లాప్స్‌ను మెల్లగా తీయాలి. కంగారులో ఫ్లాప్స్ అన్నీ ఒకేసారి తీసేస్తే విమానం ఎలా కుంగిపోతుందో కూడా చేయించి చూపారు. ఎగరడం నేర్చుకునేవారు ఈ కసరత్తును నిజమైన విమానంలో, నేలకు ఇరవై అడుగుల ఎత్తున, తప్పుగా చేసి చూసే వీలు లేదు. ఇలాంటి యంత్రం ఉండవలసిన అవసరం ఏమిటని ఎవరైనా అడిగితే నా సమాధానం ఇదే.

వేగం గురించి చెప్పిన లెక్క కూడా బాగుంది. 65 నాట్లకు బదులు 75 నాట్లతో వస్తే పెరిగింది పది నాట్లే కదా అనిపిస్తుంది, కానీ ఆపవలసిన శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక అది మూడో వంతు ఎక్కువవుతుంది. ఆ శక్తి బ్రేకుల దాకా రాకముందే, రెక్కల కింద నేలకు దగ్గరగా ఏర్పడే గాలి మెత్త మీద విమానం దిగనని మొరాయిస్తూ వందల మీటర్లు తేలుతుంది. కర్నూలు విమానాశ్రయం ఉన్న ఓర్వకల్లులో రన్‌వే రెండు వేల మీటర్లు. సెస్నా లాంటి విమానానికి అది ధారాళం కాబట్టి, అక్కడ ఈ తప్పు చేసినా తప్పని తెలియదు. అదే తప్పును పొట్టి రన్‌వే మీద చేస్తే చివర కంచె కనిపిస్తుంది. అందుకేనేమో మొదట పెద్ద రన్‌వే మీద చేయించి, ఆ తరువాత దానిని సగానికి కుదించి పెట్టారు.

మన ఎండల విషయం నేను అడగకుండానే వచ్చింది. సముద్రమట్టానికి వెయ్యి అడుగుల ఎత్తున్న చోట మే నెలలో 42 డిగ్రీల ఎండ కాస్తుంటే, అక్కడి గాలి దాదాపు 4,500 అడుగుల ఎత్తున ఉండేంత పలుచబడుతుంది. వేగం చూపే ముల్లు ఎప్పటిలాగే 65 చూపిస్తుంది, కానీ విమానం నిజ వేగం దాదాపు 7 శాతం ఎక్కువ, ఆపవలసిన శక్తి దాదాపు 14 శాతం ఎక్కువ. పైగా ఇంజిన్ పీల్చే గాలి కూడా అదే పలుచని గాలి కాబట్టి, గో-అరౌండ్ చేయవలసి వస్తే అది ఆపసోపాలు పడుతూ ఎక్కుతుంది. ఉష్ణోగ్రతను 15 డిగ్రీలకు ఒకసారి, 42 డిగ్రీలకు ఒకసారి పెట్టి అదే ల్యాండింగ్ చేయించారు. ఎండలో పుట్టి పెరిగిన వాళ్లమైనా ఎండకు ఈ గుణం కూడా ఉందని తెర మీద చూసేదాకా తట్టదు.

అడ్డగాలి పాఠం మాత్రం హడావుడిగా సాగింది. ఆషాఢం గాలి ఎలా ఉంటుందో కర్నూలు వాళ్లకు చెప్పనక్కరలేదు, కాబట్టి దీనికి ఇంకొంత సమయం ఇవ్వవలసింది. 20 నాట్ల గాలి రన్‌వేకు 30 డిగ్రీల కోణంలో వీస్తే పక్క నుంచి తోసేది 10 నాట్లు, 60 డిగ్రీల కోణంలో అయితే 17 నాట్లు అనే లెక్క చెప్పారు; సెస్నా 172లో తయారీదారు పరీక్షించి చూపిన అడ్డగాలి 15 నాట్లనీ, అది నిషేధపు గీత కాదు గానీ కొత్తవారు దానికి చాలా దూరంలో ఆగాలనీ చెప్పారు. చక్రాలు నేలను తాకిన తరువాత కూడా యోక్‌ను గాలి వైపు తిప్పి ఉంచాలన్న మాటను దాటుకుంటూ వెళ్లిపోయారు. దిగేశాం కదా అని చేయి వదిలేసిన ఆ కొన్ని క్షణాల్లోనే ఎన్నో విమానాలు రన్‌వే పక్కకు దూసుకుపోతాయి గనుక, ఆ మాటను రెండుసార్లు చెప్పినా తప్పు లేదు.

చిన్న విమానాల్లో ప్రాణాలు తీసే ల్యాండింగ్ ప్రమాదం ఎక్కువగా నేల మీద కాక, రన్‌వే వైపు తిరిగే చివరి మలుపులో జరుగుతుంది. గాలి వెనక నుంచి తోస్తే విమానం రన్‌వే గీతను దాటిపోతుంది. దాన్ని వెనక్కి తేవడానికి పైలట్ రెక్కను మరింత వంచుతాడు, వంచడానికి భయపడితే రడ్డర్‌తో ముక్కును లోపలికి ఈడుస్తాడు. 45 డిగ్రీలు వంచి ఎత్తు తగ్గకుండా తిరిగితే విమానం పట్టు తప్పే వేగం (అంతకన్నా తగ్గితే రెక్కలు విమానాన్ని మోయలేని వేగం) 19 శాతం పెరుగుతుంది, 60 డిగ్రీల దగ్గర 41 శాతం పెరుగుతుంది. రడ్డర్‌తో ఈడ్చినప్పుడు అయితే లోపలి రెక్క ముందుగా పట్టు తప్పి విమానం గిర్రున తిరుగుతూ పడుతుంది. ఐదు వందల అడుగుల ఎత్తున దాని నుంచి తేరుకోవడానికి చోటు ఉండదు. ఈ యంత్రం దీన్ని భయపెట్టేంత స్పష్టంగా చూపింది. మా అమ్మాయి దీని తరువాత కాసేపు నీళ్లు తాగి కూర్చుంది.

ఇక మార్కుల పట్టిక. ప్రతి ల్యాండింగ్ తరువాత తెర మీద వందకు ఇన్ని అని మార్కులు పడతాయి. ఇది ఎక్స్-ప్లేన్‌లో ఉన్నది కాదు, పిల్లల సరదా కోసం కేంద్రం వారు సొంతంగా చేయించుకున్నది. ఆ మార్కుల్లో పెద్ద భాగం విమానం నేలను ఎంత మెత్తగా తాకిందన్నదానికే పోతుంది. మా అమ్మాయి ఒకసారి వేగం ఎక్కువగా వచ్చి, రన్‌వే సగం దాకా తేలుతూ పోయి, చివరికి ఈకలా దింపింది. పట్టిక చప్పట్లు కొట్టింది. తరువాతి ప్రయత్నంలో వేగం కుదరలేదని సకాలంలో గుర్తించి, చక్కగా గో-అరౌండ్ చేసింది. పట్టిక సున్నా వేసి, ఎర్ర అక్షరాల్లో "విఫలం" అని చూపింది. నోటితో సార్ నేర్పుతున్నదానికి తెర సరిగ్గా ఎదురు పాఠం చెబుతోంది. ఆ వయసు పిల్లలు ఎవరి మాట వింటారో వేరే చెప్పాలా?

ఇది చిన్న లోపం అని సర్దుకుపోవడానికి నాకు మనసొప్పడం లేదు. మెత్తదనం ప్రయాణికుల మెప్పుకు సంబంధించినది. భద్రతకు కావలసింది సరైన చోట, సరైన వేగంతో, రన్‌వే నడిగీత మీద దిగడం. తడి రన్‌వే మీదైతే కాస్త గట్టిగా దింపమనే చెబుతారు, చక్రాలు నీటి పొరను చీల్చుకొని నేలను పట్టుకోవాలని. దిగడం మానుకోకుండా ముందుకే పోవడంలోని ప్రమాదం చిన్న విమానాలకే పరిమితమైన సంగతి కూడా కాదు. 2010 మే 22న మంగళూరులో 158 మంది చనిపోయిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ ప్రమాదంలో, విమానం మరీ ఎత్తుగా వస్తోందని గుర్తించిన సహ పైలట్ గో-అరౌండ్ చేయమని పలుమార్లు చెప్పినా కెప్టెన్ దిగడానికే మొగ్గారు. ఆ విషయాన్ని సారే పాఠంలో ప్రస్తావించారు. 2023 సెప్టెంబరు 14న ముంబయిలో భారీ వర్షంలో దిగుతూ రన్‌వే పక్కకు జారిపోయిన లియర్‌జెట్ 45 ప్రైవేటు విమానం చిత్రాన్ని చూపి, అందులోని ఎనిమిది మందీ బతికి బయటపడ్డారని చెప్పారు. ఇంత శ్రద్ధగా చెప్పే మనిషి వెనక, గో-అరౌండ్‌కు సున్నా వేసే పట్టిక వెలుగుతూ ఉండటం ఆయనకే అన్యాయం.

యంత్రం పరిమితులు కొన్ని ఉన్నాయి, తల్లిదండ్రులు వాటిని తెలుసుకొని పంపాలి. నిజమైన విమానంలో వేగం తగ్గేకొద్దీ యోక్ వదులై చేతికి బరువు తగ్గుతుంది. పట్టు తప్పబోతున్నదనే మొదటి హెచ్చరికల్లో అదొకటి. ఇక్కడి యోక్ స్ప్రింగు బిగువుతో పనిచేస్తుంది కాబట్టి ఏ వేగంలోనైనా ఒకేలా ఉంటుంది. విమానం కుంగుతున్న సంగతిని మనకు ముందుగా చెప్పేది మనం కూర్చున్న సీటు, కంటి కొసలు; ఇక్కడ సీటు కదలదు, పక్క తెరలు భుజాల దాకానే ఉన్నాయి. అందువల్ల నేలకు పది ఇరవై అడుగుల ఎత్తున ముక్కును నెమ్మదిగా లేపి దింపే ఆ చివరి నేర్పు ఇక్కడ పట్టుబడదు. ఆ మాట సార్ తానే నిజాయితీగా చెప్పారు. ఎడమ రడ్డర్ పెడల్ వదులుగా ఉంది, బాగుచేయించాలి. ఇక్కడ గడిపిన సమయం లైసెన్సుకు కావలసిన గంటల్లో చేరదు. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదించిన సిమ్యులేటర్ల గంటలే లెక్కకు వస్తాయి. కౌంటరులో ఉన్న కుర్రవాడు ఈ విషయం అడిగితేనే చెప్పాడు, గోడ మీద రాసి పెడితే బాగుండేది.

రెండు గంటల పాఠానికి మూడు వేల రూపాయలు తీసుకున్నారు. ఆట కోసమైతే ఎక్కువే, కానీ పైలట్ శిక్షణకు లక్షలు పోయబోయే కుటుంబానికి, ఆ డబ్బు కట్టే ముందు తమ బిడ్డకు ఈ పని మీద మనసు నిలుస్తుందో లేదో చూసుకోవడానికి ఇది సమంజసమైన ధర. బోధన అంతా తెలుగులోనే సాగడం పెద్ద సౌకర్యం. చేతికిచ్చే కాగితాలు మాత్రం ఇంగ్లీషు జిరాక్సులు. ప్రతి ప్రయత్నానికీ ఎత్తు, వేగం చూపే గ్రాఫును ప్రింటు తీసి ఇస్తారు, కాగితానికి ఇరవై రూపాయలు. అది తప్పక తీసుకోండి, ఇంటికి వెళ్లాక తప్పు ఎక్కడ మొదలైందో అందులోనే కనిపిస్తుంది. ఏసీ బాగుంది, పార్కింగ్ ఇబ్బంది.

శని, ఆదివారాల సాయంత్రాలు పుట్టినరోజు బృందాల సందడి ఉంటుంది కాబట్టి, మామూలు రోజు ఉదయం వెళ్లడం మేలు. స్లాట్ బుక్ చేసేటప్పుడే ఫోనులో మార్కుల పట్టికను ఆపి ఉంచమని అడగండి, అడిగితే ఆపుతారు. పాఠం మధ్యలో అడిగితే ప్రోగ్రాంను మూసి మళ్లీ తెరవాల్సి వస్తుంది, ఆ ఆలస్యం మీ రెండు గంటల్లోంచే పోతుంది.